మాట వినిపించడానికి లక్షన్నర ఎందుకు తల్లీ?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారాలు. నాకు 24 ఏళ్ళు. తిరుపతిలో ఉంటాం. బీఎస్సీ కంప్యూటర్స్ చదివి, బస్టాండు దగ్గర ఒక హోటల్ రిసెప్షన్లో పనిచేస్తున్నాను. జీతం 14 వేలు. చిన్నప్పటి నుంచీ మైకంటే ప్రాణం. రెండేళ్ళుగా తిరుచానూరు, రేణిగుంట వైపు పెళ్ళిళ్ళకు యాంకరింగ్ చేస్తున్నాను. ఒక్కో ఫంక్షన్‌కు రెండు వేలో, రెండున్నర వేలో ఇస్తారు. కొంచెం పాడతాను కూడా. పోయిన నెల ఒక ఛానెల్ ఆడిషన్‌కు పోతే, 'నీ మాటలో అరవం వినపడతా ఉంది, చిత్తూరు యాస పోవాలి' అని పంపించేశారు. ఇప్పుడు హైదరాబాద్‌లో ఒకాయన యాక్టింగ్, యాంకరింగ్ నేర్పిస్తాననీ, మూడు నెలల కోర్సుకు లక్షన్నర కట్టమనీ అంటున్నాడు. కోర్సు అయిపోగానే సీరియల్లో వేషం గ్యారంటీ అట. 15వ తేదీ లోపల కట్టాలట. అమ్మ తన గొలుసు తాకట్టు పెడదామంటోంది. నాన్న మాత్రం ఇదంతా నాలుగు రోజుల ముచ్చట, సచివాలయం పరీక్షకు చదువుకో అని కోప్పడుతున్నారు. రేడియోనా, టీవీనా, సినిమానా, పాటా? నేను ఎటు పోవాలి? ఒకటే టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, తిరుపతి

సమాధానం:

అమ్మా,

నువ్వు రాసిన వరుసలో కాకుండా నా వరుసలో జవాబు చెప్తాను. ముందు డబ్బు సంగతి. దానికి గడువుంది కాబట్టి.

ఆ లక్షన్నర కట్టొద్దు. అమ్మ గొలుసు అమ్మ మెడలోనే ఉండనీ.

పాఠం చెప్పినందుకు ఫీజు తీసుకోవడం తప్పు కాదు. సంగీతం మాస్టారూ తీసుకుంటారు, డాన్స్ టీచరూ తీసుకుంటుంది. కానీ పాఠాన్నీ వేషాన్నీ ముడిపెట్టి ఒకే రసీదు మీద అమ్మేవాడి దగ్గర పాఠమూ ఉండదు, వేషమూ ఉండదు. సీరియల్లో ఏ పాత్ర ఎవరికివ్వాలో చూసుకునేది దర్శకుడు, నిర్మాత, ఆపైన ఛానెల్ వాళ్ళు. కోర్సు నడిపే మనిషి చేతిలో ఆ పని లేదు. ఈ రంగంలో డబ్బు పని చేయించుకునేవాళ్ళ దగ్గర్నుంచి పని చేసేవాళ్ళకు రావాలి. ఎదురు పోకూడదు. నా మాట మీద నమ్మకం కుదరకపోతే ఒక్క పని చెయ్యి. 'ఏ సీరియల్, ఏ పాత్ర, ఎన్ని రోజులు, రోజుకెంత, ఇవ్వకపోతే ఫీజు వాపసు' అని కాగితం మీద రాసి సంతకం పెట్టమని అడుగు. ఆ మర్నాటి నుంచి ఫోన్ ఎత్తడు చూడు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, నేనూ ఒకసారి దెబ్బతిన్నాను. నీ వయసులోనే, హైదరాబాద్‌లో ఒక సీరియల్‌కు 11 రోజులు పనిచేశాను. డబ్బులు టెలికాస్ట్ అయ్యాక అన్నారు. టెలికాస్ట్ అయ్యాక వచ్చే నెల అన్నారు. మూడోసారి వెళ్ళేసరికి ఆ ఆఫీసు ఉన్న గదిలో టైలరింగ్ షాపు పెట్టి ఉంది, ఒకాయన జాకెట్టు చేతులు కత్తిరిస్తున్నాడు. నేను గుమ్మంలో నిలబడి ఏమడగాలో తెలియక, 'ఫాల్స్ కుడతారా' అని అడిగి వచ్చేశాను. నా దగ్గర ఒక్క కాగితం ముక్క లేదు. నన్ను పనికి పిలిచినాయన ఇంటిపేరు కూడా నాకు తెలియదు.

ఆ రోజు నుంచీ నా దగ్గర ఒక నోటుబుక్కు ఉంటుంది. తేదీ, ఎవరు పిలిచారు, ఏం పని, ఎంత ఒప్పుకున్నారు, ఎప్పుడు ఇచ్చారు. పని ఒప్పుకోగానే ఆ వివరాలన్నీ ఒక వాట్సాప్ మెసేజ్‌గా వాళ్ళకే పంపిస్తాను. 'సరే' అని వాళ్ళు ఒక్క మాట కొడితే చాలు, అదే మనకు ఆధారం. నువ్వు చేసే పెళ్ళిళ్ళకు కూడా ఈ రోజు నుంచే ఇది మొదలుపెట్టు. ఆ పుస్తకంతో మీ నాన్న దగ్గర పనుంది, తర్వాత చెప్తాను.

ఇక నీ యాస. ఆ ఆడిషన్లో నీకు చెప్పింది సగం నిజం, సగం అబద్ధం. రెండింటినీ విడదీసి చూడాలి.

నిజం సగం ఉచ్చారణ. ళ కు ల, ణ కు న పడటం, శ, ష, స మూడూ ఒకటే కావడం, వత్తులు ఎగిరిపోవడం, ఇవి మైకు ముందు దాగవు. నా మొదటి రేడియో పరీక్ష నాకింకా గుర్తుంది. చిన్న గది, బల్ల మీద మెత్తటి గుడ్డ, అద్దానికి అవతల ఇద్దరు. చేతికి ఒక పేజీన్నర కాగితం ఇచ్చారు. ధనుర్మాసం గురించి. నేను హుషారుగా 'దనుర్మాసం' అని మొదలుపెట్టాను. 'ప్రత్యేక' దగ్గర ఒకసారి తడబడ్డాను. పేజీ తిప్పినప్పుడు ఎండుటాకుల మీద నడిచినట్టు చప్పుడొచ్చింది. బయటికొచ్చాక అద్దం అవతలి పెద్దాయన, 'గొంతు బాగుందమ్మా, చదవడం నేర్చుకుని మళ్ళీ రా' అన్నారు. ఏడాది పట్టింది. రోజూ పేపర్లో సంపాదకీయం పైకి చదివేదాన్ని. ధ, భ, ఖ వచ్చిన చోటల్లా పెన్సిల్‌తో గీత గీసుకునేదాన్ని. అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని 'బాధ' అంటే ఊపిరి చేతికి తగలాలి, 'బాద' అంటే తగలదు. కాగితం మూల ముందే కొంచెం మడిచి పెట్టుకుంటే తిప్పేటప్పుడు చప్పుడు రాదు. ఇవన్నీ చేస్తే వచ్చేసే విషయాలు. లక్షన్నర అక్కర్లేదు. నీ చేతిలో ఫోన్ ఉంది కాబట్టి నాకంటే తొందరగా వస్తుంది. చదివింది రికార్డు చేసి, వెంటనే వినకుండా మర్నాడు పొద్దున విను. తప్పులు నీకే వినిపిస్తాయి.

అబద్ధం సగం 'యాస పోవాలి' అనే మాట. ఎందుకు పోవాలి? 2021లో వచ్చిన పుష్ప సినిమాలో హీరో మొదటి నుంచి చివరిదాకా మాట్లాడింది మన చిత్తూరు మాటే. ఆ పాత్రకే ఒక తెలుగు హీరోకు మొట్టమొదటిసారి జాతీయ ఉత్తమ నటుడి అవార్డు వచ్చింది. నీకు పుట్టుకతో వచ్చిన మాటను ఒక పెద్ద నటుడు కూర్చుని నేర్చుకున్నాడు తల్లీ. నువ్వేమో పారేసుకుంటానంటున్నావు.

మా ఊళ్ళో ఎండాకాలం ధర్మరాజుల గుడి దగ్గర భారతం పెట్టేవాళ్ళు. మీ అమ్మమ్మగారి ఊళ్ళోనూ పెట్టే ఉంటారు. 18 రోజులు, మధ్యాహ్నం హరికథ, రాత్రి నాటకం, ఆఖరి రోజు మట్టితో పడుకోబెట్టిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ. ఆ మధ్యాహ్నాలు నేను పందిట్లో మా అవ్వ ఒళ్ళో కూర్చునేదాన్ని. దాసుగారు శ్రీకృష్ణుడి మాటలు చెప్పేటప్పుడు పద్యం ఎత్తుకుని, ఒక్క వత్తు కూడా జారకుండా గ్రంథంలో మాట గ్రంథంలో ఉన్నట్టే పలికేవారు. బకాసురుడికి తీసుకుపోయిన బండెడన్నం భీముడు తానే తినేసే ఘట్టం రాగానే, చిరతలు ఆపి, ముందు వరసలో ఉన్న అవ్వల వైపు తిరిగి, 'ఏమ్మే, ఇంత సంగటి ముద్ద మింగితే వాడికి నంజుకోను ఊరిబిండి యాడ చాలుతాది?' అనేవారు. పందిరి పందిరంతా నవ్వేది. రెండు మాటలూ ఆయనవే. ఎప్పుడు ఏది తీయాలో ఆయనకు తెలుసు. అన్ని రోజులు, గంటల తరబడి, ఒక్క మైకుతో ఊరిని కూర్చోబెట్టిన ఆ మనిషి దగ్గర నేర్చుకోవాల్సింది ఏ కోర్సులోనూ లేదు. నువ్వూ రెండూ ఉంచుకో. వార్త చదివేటప్పుడు ఒకటి, పెళ్ళిపందిట్లో ఒకటి.

ఇప్పుడు నీ ఉత్తరంలో నన్ను నిజంగా ఆపిన మాట. 'అరవం వినపడతా ఉంది' అన్నారు కదా. అంటే నీకు తమిళం వచ్చు. మన వైపు చాలా ఇళ్ళల్లో లాగే, ఇంట్లో ఒక భాష, వీధిలో ఒక భాష. నువ్వు దాన్ని మచ్చలా రాశావు. నాకైతే నీ బతుకుతెరువు అక్కడే కనిపించింది.

తమిళం నుంచి తెలుగులోకి డబ్బింగ్ అయ్యే సినిమాలు, సీరియళ్ళు, ఓటీటీ సిరీస్‌లు ఎన్ని ఉన్నాయో చూస్తున్నావుగా. ఆ పని హైదరాబాద్‌లోనూ జరుగుతుంది, చెన్నైలోనూ జరుగుతుంది. చెన్నై నీకు రైల్లో మూడు నాలుగు గంటలు. పొద్దున పోయి రాత్రికి ఇంట్లో పడుకోవచ్చు. డబ్బింగ్ థియేటర్లో సీన్‌ను చిన్న చిన్న ముక్కలు చేసి తెర మీద వేస్తారు, లూప్ అంటారు. ముందు ఒరిజినల్ మాట చెవిలో వినిపిస్తారు, తర్వాత పెదాలు చూస్తూ నువ్వు చెప్పాలి. తెర మీద ఆమె 'వేండాం' అంటుంది. మనది 'వద్దు'. మొదలు బాగానే కలుస్తుంది, రెండూ 'వ'తోనే. కానీ వేండాం చివర పెదాలు మూసుకుంటాయి, వద్దు చివర మూసుకోవు. చూసేవాళ్ళకు ఎందుకో తెలియదు కానీ ఏదో తేడాగా ఉంటుంది. 'వద్దమ్మా' అని రాసి 'మ' దగ్గర కాస్త నొక్కితే పెదాలు కలిసిపోతాయి. ఈ తూకం రెండు భాషలూ నోట్లో నానినవాళ్ళకు చప్పున తడుతుంది. రెండు భాషలూ తెలిసినవాళ్ళకు గొంతు పనే కాదు, మాటలు రాసే పని కూడా దొరుకుతుంది. ఆ రాసే పనికి వయసుతో, ముఖంతో సంబంధం లేదు. యాభై ఏళ్ళొచ్చినా చేసుకోవచ్చు.

మొదట్లో గుంపు గొంతులు చెప్పిస్తారు. పెళ్ళి సీన్లో వెనకాల మాటలు, బస్సులో కేకలు, ఆస్పత్రిలో నర్సు 'డాక్టర్ గారు రమ్మంటున్నారు' అనే ఒక్క ముక్క. చిన్నతనం అనుకోకు, అందరూ అక్కడి నుంచే వచ్చారు. డబ్బింగ్ కళాకారులకు యూనియన్లు ఉన్నాయి. పెద్ద సినిమాల్లో స్థిరంగా పని కావాలంటే కార్డు కావాలి, దానికి రుసుము ఉంటుంది. కానీ ఆ రుసుము సంఘం ఆఫీసులో రసీదు తీసుకుని కట్టాలి. 'నేను కార్డు ఇప్పిస్తా' అనే మధ్యమనిషి చేతిలో పెట్టకూడదు. అది కూడా రెండు మూడు చోట్ల పనిచేసి, ఈ పని నీకు సరిపడుతుందని తేలాకే.

రేడియో సంగతి. మన తిరుపతిలోనే ఆకాశవాణి కేంద్రం ఉంది. అక్కడ క్యాజువల్ అనౌన్సర్లకు నోటిఫికేషన్ పడినప్పుడు దరఖాస్తు పెట్టు. రాత పరీక్ష, గొంతు పరీక్ష, తర్వాత శిక్షణ ఉంటాయి. ఒక్క విషయం ముందే తెలుసుకో. ఇది ఉద్యోగం కాదు, డ్యూటీకి ఇంత అని ఇస్తారు, నెలకు ఆరు డ్యూటీలకు మించి రావు. దీన్ని నమ్ముకుని ఇల్లు గడవదు. మరి ఎందుకంటావా? కార్యక్రమం ఏడు నిమిషాల నలభై సెకన్లకు ముగియాలంటే ముగియాల్సిందే, అవతల వార్తలు కాచుకుని ఉంటాయి. ముందు టేపు తొందరగా అయిపోతే ఆ యాభై సెకన్లు నువ్వే నింపాలి, తడుముకోకుండా. ఆ క్రమశిక్షణ ఒంటికి పట్టినవాళ్ళు ఏ స్టేజీ మీదైనా నిలబడతారు. షావుకారు జానకి గారు మద్రాసు రేడియో నాటకాల గొంతుగానే మొదలై, 1950లో సినిమాకు వచ్చారు. నీకింకా 30 నిండలేదు కాబట్టి యువవాణి కార్యక్రమాలకు కూడా ప్రయత్నించవచ్చు. నాటకాలకు ఆడిషన్ వేరే ఉంటుంది, అదీ రాయి.

ప్రైవేటు ఎఫ్ఎంల దారి వేరు. ఆర్జే ఉద్యోగాలు తక్కువ, ఖాళీలు అరుదు. పొద్దుటి షో అంటే నాలుగున్నరకే లేవాలి. కానీ స్టేషన్ అంటే ఆర్జే ఒక్కరే కాదు. స్క్రిప్టు రాసేవాళ్ళు, ప్రకటనలు తయారుచేసేవాళ్ళు కూడా కావాలి. చీరల షాపు, నగల షాపు, స్కూల్ అడ్మిషన్లు, ఇలాంటి లోకల్ ప్రకటనలకు గొంతులు మన ఊళ్ళోనే కావాలి. ఇరవై సెకన్ల ప్రకటనలు మూడు, ఒక చిన్న వార్త, ఒక కథ ముక్క నీ గొంతుతో రికార్డు చేసి ఫోన్లో పెట్టుకో. స్టూడియో అక్కర్లేదు. తలుపులు మూసి, దుప్పటి కప్పుకుని, ఫ్యాను ఆపి చదివితే చాలు. చెమట పడుతుంది కానీ గొంతు శుభ్రంగా వస్తుంది.

టీవీ అనగానే నీకు హైదరాబాదే ఎందుకు గుర్తొచ్చిందో నాకర్థం కాలేదు. 2008లో మొదలైన శ్రీవేంకటేశ్వర భక్తి ఛానెల్ మీ ఊళ్ళోనే ఉంది. ఇప్పుడు తెలుగుతో పాటు తమిళం, కన్నడం, హిందీల్లో కూడా వస్తోంది. బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు రాత్రి గరుడ సేవకు వ్యాఖ్యానం చెప్పేవాళ్ళను ఎప్పుడైనా శ్రద్ధగా విన్నావా? గంటల తరబడి లైవ్. స్క్రిప్టు ఎప్పుడో అయిపోతుంది. స్వామి మెడలోని హారం గురించి చెప్తారు, ఆళ్వార్ల పాశురం ఎత్తుకుంటారు, అన్నమయ్య ఇదే గరుడుని గురించి ఏం పాడాడో చెప్తారు. గొంతు ఒక్కటే ఉంటే పావుగంటలో అయిపోయేవారు. ఈ పని మీద మనసుంటే ఇప్పటి నుంచే చదువు మొదలుపెట్టు. వాహనాల వరస, ఒక్కో వాహనం వెనక కథ, అన్నమయ్య కీర్తనల అర్థాలు. ఊరంతా నీకు లైబ్రరీనే.

సీరియళ్ళ గురించి ఒక్క పేరాలో చెప్పేస్తాను. రోజుకు పన్నెండు గంటల పని, రోజు లెక్కన డబ్బు, అది చేతికొచ్చేసరికి రెండు మూడు నెలలు. చాలా చోట్ల చీరలు, నగలు మనమే తెచ్చుకోవాలి. వేషం వచ్చాక కూడా ఆర్నెల్ల అద్దె చేతిలో లేకుండా హైదరాబాద్‌లో కాపురం పెట్టకు. నటనే కావాలని గట్టిగా ఉంటే, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళల విభాగం ఉంది. పీజీ చదువుతూ నేర్చుకోవచ్చు, చేతిలో డిగ్రీ కూడా ఉంటుంది. కెమెరా వెనక పని, రాతపని మీద ఇష్టముంటే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయంలో జర్నలిజం పీజీ ఉంది. మీ ఇంటి నుంచి ఆటోలో పోయి రావచ్చు.

పాట విషయంలో నిన్ను మెప్పించే మాట చెప్పలేను. 'కొంచెం పాడతాను' అని నువ్వే రాశావు. కొంచెం పాడేవాళ్ళకు పాట తిండి పెట్టదమ్మా. గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ గారిని చూడు. రాజమండ్రి నుంచి వచ్చి, 1978లో టీటీడీ అన్నమాచార్య ప్రాజెక్టులో చేరి, 2006 దాకా అక్కడే పనిచేసి, 600 పైచిలుకు అన్నమయ్య కీర్తనలకు స్వరం కట్టారు. 2025 మార్చిలో ఈ తిరుపతిలోనే కన్నుమూశారు. సంకీర్తననే పట్టుకుని జీవితమంతా పాడిన మనిషి. ఆ దారిలో పోవాలంటే శ్రీవేంకటేశ్వర సంగీత నృత్య కళాశాల ఉంది, పునాది నుంచి నేర్చుకోవాలి, ఏళ్ళు పడుతుంది. ఆకాశవాణిలో పాటకు బి, బి-హై, ఏ, టాప్ అని గ్రేడ్లు ఉంటాయి. బి గ్రేడ్ తెచ్చుకోవడానికే మంచి సాధన కావాలి. అంత మనసు లేకపోతే పాటను యాంకరింగ్‌కు తోడుగా ఉంచుకో. పెళ్ళికూతురు పీటల మీదికి వస్తుంటే రెండు లైన్లు శ్రుతిలో పాడగలిగిన యాంకర్‌కు ఇంకో వెయ్యి అడిగే హక్కు ఉంటుంది. అడుగు.

ఇంకొక్క మాట, ఆడపిల్లవి కాబట్టి కాదు, పనిచేసే మనిషివి కాబట్టి. ఆడిషన్ పగటిపూట, ఆఫీసులో. హోటల్ రూముకు రమ్మంటే పోవద్దు, ఎంత పెద్ద పేరు చెప్పినా సరే. ఇబ్బంది పెడితే అది నీ తప్పు కాదు. పని చేసే చోట లైంగిక వేధింపుల మీద 2013 నుంచి చట్టం ఉంది. పదిమంది, అంతకు మించి పనిచేసే ఏ సంస్థలోనైనా ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అది లేని చోట జిల్లాలో స్థానిక కమిటీకి రాయవచ్చు. మహిళల హెల్ప్‌లైన్ 181 నంబరు ఫోన్లో సేవ్ చేసుకో.

ఇప్పుడు మీ నాన్న. ఆయన్ని నువ్వు శత్రువులా రాశావు. ఆయన భయం అబద్ధం కాదు. చిత్తూరు పేరును ఇంటిపేరు చేసుకున్న నాగయ్య గారి కథ మన వైపు ఆ తరం వాళ్ళందరికీ తెలుసు. చిత్తూరు శ్రీరామవిలాస సభ నాటకాల్లో పాడి, నటించి, 1938లో సినిమాకు పోయి, పోతన, త్యాగయ్య, వేమన అంటే ఆయన ముఖమే గుర్తొచ్చేంత పేరు తెచ్చుకున్నారు. పద్మశ్రీ వచ్చింది. ఆ రోజుల్లో ఆయన అందుకున్నంత పారితోషికం అందుకున్నవాళ్ళు తక్కువ. వచ్చింది వచ్చినట్టు అడిగినవాళ్ళకల్లా ఇచ్చేశారు. 1973లో పోయేనాటికి చేతిలో ఏమీ మిగల్లేదు. అంత గొప్ప మనిషికే అట్లా అయితే నా బిడ్డ గతేమిటి అని ఏ తండ్రికైనా అనిపిస్తుంది.

నువ్వు ఆయనకు ఇంకో మనిషి కథ చెప్పు. గొల్లపూడి మారుతీరావు గారు 1959లో ఆంధ్రప్రభలో సబ్ ఎడిటర్‌గా చేరారు. మన చిత్తూరులో ఆ పత్రిక ఎడిషన్ మొదలైనప్పుడు ఇక్కడ పనిచేశారు. తర్వాత ఆకాశవాణిలో ఇరవై ఏళ్ళు ఉద్యోగం. ఆ జీతం మీద ఇల్లు నడుపుకుంటూనే నాటకాలు రాశారు, సినిమాలకు రాశారు. తెర మీద నటుడిగా కనిపించింది 1982లో, నలభై దాటాక. ఆ తర్వాత 200కు పైగా సినిమాలు. పత్రికలో నేర్చిన రాత, రేడియోలో నేర్చిన మాట, రెండూ ఆయనతో పాటు సినిమాలోకి వచ్చాయి. జీతం ఒకవైపు, కళ ఒకవైపు నడవగలవని చెప్పడానికి నాకు ఇంతకంటే దగ్గరి ఉదాహరణ తెలియదు.

అందుకే హోటల్ ఉద్యోగం మానొద్దు. షిఫ్టు ఒకటే ఉండేట్టు మేనేజర్‌ను అడిగి చూడు, పొద్దునో సాయంత్రమో నీకు మిగలాలి. సచివాలయం పరీక్షా రాయి. రాసినంత మాత్రాన గొంతు పోదు. నాన్నను రెండేళ్ళు అడుగు. ఊరికే అడగకు, నేను చెప్పిన నోటుబుక్కు ముందు పెట్టి అడుగు. గొంతుతో ఏ నెల ఎంత వచ్చిందో ఆయనే చూసుకోవాలి. ఇప్పుడు నెలకు నాలుగైదు వేలు వస్తున్నట్టుంది. రెండేళ్ళలో అది హోటల్ జీతాన్ని దాటితే, అప్పుడు హైదరాబాద్ గురించి మాట్లాడుకుందాం. అప్పటికి నిన్ను అక్కడి నుంచి ఎవరో ఒకరు పనికి పిలిచి ఉంటారు. పని పిలిస్తే హైదరాబాద్ పోయే నారాయణాద్రి రైలు ఎక్కు, పని వెతుక్కోవడానికి ఎక్కకు. వచ్చిన దాంట్లో మూడో వంతు పోస్టాఫీసులో వెయ్యి. కంపెనీలు నీ ఫీజులో పది శాతం టీడీఎస్ అని పన్ను కింద ముందే పట్టుకుంటే కంగారు పడకు. పాన్ కార్డు ఇవ్వు, ఏడాది చివర రిటర్న్ వేస్తే నీ ఆదాయానికి పన్ను లేనప్పుడు అది వెనక్కి వస్తుంది. చాలామంది పిల్లలు ఈ డబ్బు అడగడం తెలియక వదిలేస్తున్నారు, నాకు బాధేస్తుంది.

ఈ వారం ఒక పని చెయ్యి. మీ అమ్మమ్మ దగ్గర కూర్చుని ఆమె చెప్పే కథ ఒకటి విను. దాన్ని ఆమె మాటల్లోనే మూడు నిమిషాలు చెప్పి రికార్డు చెయ్యి. తర్వాత అదే కథను రేడియోలో చదివినట్టు, వత్తులన్నీ పలుకుతూ ఇంకో మూడు నిమిషాలు. రెండూ నాకు పంపు. ఎక్కడ ఏం సరిచేయాలో రాసి పంపిస్తాను.

రేడియో ఆడిషన్ పడిన రోజు నాన్నను వెంట తీసుకెళ్ళు. లోపలికి రానివ్వరులే, బయట కూర్చుంటారు. నా రెండో పరీక్షకు మా నాన్న అట్లాగే వచ్చి, పేపరు చదువుతున్నట్టు కూర్చున్నారు. నేను బయటికొచ్చి చూస్తే పేపరు మొదటి పేజీ దగ్గరే ఉంది. పాసయ్యానని చెప్తే 'ఆకలేస్తోందా' అన్నారు. ఇద్దరం పోయి ఇడ్లీ తిన్నాం.